‘గాలివేగం’ ఎవరి వేగం?

ప్రశ్న: విమానయానం మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ఎయిర్‌స్పీడ్‌ని ‘గాలివేగం’ అనీ గ్రౌండ్ స్పీడ్‌ని ‘భూవేగం’ అనీ రాశాను. చదివినవాళ్లు తికమకపడుతున్నారు. మాటల్లోనే లోపం ఉందంటారా?

జవాబు: ఉందండి. తుపాను కబుర్లలో వినీ వినీ ‘గాలివేగం’ అనగానే మనకు గాలి వీచే వేగమే తోస్తుంది. అది షష్ఠీ తత్పురుష, గాలి యొక్క వేగం. మీరు చెప్పదలచింది విమానం గాలిలో సాగే వేగం. విభక్తి రాలిపోగానే విమానం వేగం కాస్తా గాలి సొత్తయింది. ‘భూవేగం’ మరీ కష్టం, భూమి తిరిగే వేగమనుకుంటారు.

ఏటిలో పడవను తలుచుకోండి. ఒకే ఊపున తెడ్డు వేసినా, వాలున పోతే గట్టు చకచకా వెనక్కి జరుగుతుంది, ఎదురెక్కితే జరగనంటుంది. విమానానికి గాలే ఏరు. గాలిలో గంటకు 450 నాటికల్ మైళ్లు (ఓడలకూ విమానాలకూ వాడే మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పోయే విమానానికి 100 మైళ్ల ఎదురుగాలి తగిలితే నేలమీద గడిచేది 350 మైళ్లే. అదే గాలి వెనకనుంచి తోస్తే 550. కాబట్టి 1,925 మైళ్ల దారికి వెళ్లేటప్పుడు అయిదున్నర గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర.

రెక్కకు మాత్రం నేల సంగతి పట్టదు. దాన్ని మోసేది ఎదురొచ్చే గాలి. అందుకే గాలికి ఎదురుగా పరుగెత్తి పైకి లేస్తారు. నేల వేగంగా జరుగుతోంది కదా అని, వెనకగాలిలో పైలట్ వేగం తగ్గించాడంటే రెక్క పట్టు తప్పవచ్చు. ఈ తేడా మాటలో చెరిగిపోకూడదని నా పట్టుదల. గాలిలో వేగాన్ని చూపే పిటో గొట్టం కూడా ఏటిలోనే పుట్టింది: ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ పిటో దాన్ని 1732లో సేన్ నది ప్రవాహాన్ని కొలవడానికి వాడాడు.

ప్రశ్న: అయితే ‘గాలిని బట్టి వేగం’ అందామా?

జవాబు: వద్దండి, అర్థం తిరగబడుతుంది. గాలిని బట్టి మారేది నేలమీది లెక్కే కదా! ‘గాలిలో వేగం’, ‘నేల గడిచే వేగం’ అనండి. ‘నేలమీది వేగం’ అని ఒంటరిగా రాస్తే రన్‌వే మీద పరుగు అనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వాక్యం ఇలా మార్చాను: ‘విమానం గాలిలో గంటకు 450 మైళ్ల వేగంతో సాగినా, ఎదురుగాలి వల్ల 350 మైళ్ల నేలే గడిచింది.’

జవాబు: బాగుందండి. ‘మైళ్ల’ ముందు ‘నాటికల్’ చేర్చండి, మామూలు మైలు దానికంటే చిన్నది.