ఎలియట్ స్మిత్ 'ఎక్స్‌ఓ': ఎదిగాడా, తనది పోగొట్టుకున్నాడా?

నాలుగో తీగ:

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత ఎలియట్ స్మిత్ గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి ఈ తగువు దగ్గరే ఆగుతుంది. 1997లో వచ్చిన 'ఐదర్/ఆర్' ఆల్బమ్ దాకా ఉన్నవాడే అసలు స్మిత్ అట. 1998 ఆగస్టులో డ్రీమ్‌వర్క్స్ లాంటి పెద్ద లేబుల్ (రికార్డు కంపెనీ) మీద 'ఎక్స్‌ఓ' ఆల్బమ్ తెచ్చేసరికి పియానోలు, తీగవాద్యాలు వచ్చిపడి ఆ దగ్గరితనం పోయిందట. నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. ఆయన చేసిన ఆల్బమ్‌లలో నాకు అన్నిటికన్నా గొప్పది 'ఎక్స్‌ఓ'యే. ఎందుకో చెప్తాను, కాదనేవాళ్లు కూడా కారణాలతో రండి.

కొత్తవాళ్ల కోసం వెనక కథ రెండు ముక్కల్లో. పోర్ట్‌లాండ్‌లో ఉంటూ చిన్న లేబుళ్లకు పాటలు చేసుకునే మనిషి. 1994 నాటి మొదటి ఆల్బమ్ 'రోమన్ క్యాండిల్' ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగు ట్రాకుల రికార్డర్ (నాలుగు శబ్దాలను మాత్రమే విడివిడిగా పట్టగలిగేది) మీద తయారైంది. తర్వాత దర్శకుడు గస్ వాన్ సాంట్ తన 'గుడ్ విల్ హంటింగ్' సినిమాలో ఈయన పాటలు వాడాడు. అందులోని 'మిస్ మిజరీ' ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. 1998 మార్చిలో తెల్ల సూటు వేసుకుని, ఆర్కెస్ట్రా తోడుగా ఆ పాటను కుదించి ఆ వేదిక మీద పాడాడు. అవార్డు 'టైటానిక్' పాటకు పోయింది. అది జరిగిన ఐదు నెలలకు 'ఎక్స్‌ఓ' వచ్చింది.

తేదీలు ఇలా వరసగా ఉండేసరికి, వినకముందే చాలామంది ఒక కథ అల్లేసుకున్నారు. పేరొచ్చింది, డబ్బొచ్చింది, సౌండ్ మారింది అని. కానీ మొదటి పాట 'స్వీట్ ఆడలైన్' వినండి. దాదాపు సగం దాకా గిటార్, గొంతు, అంతే. మీరు కోరుకునే పాత స్మిత్. అక్కడి నుంచి ఒక్కసారిగా డ్రమ్స్, పియానో, పొరలు పొరలుగా ఆయన గొంతే వచ్చి మీద పడతాయి. పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి మన చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు ఉంటుంది నాకు. పాతదాన్ని వదిలించుకోవాలనుకున్నవాడు ఆల్బమ్‌ని అలా మొదలుపెట్టడు.

టేప్ హిస్:

మీ అభిమానం అర్థమైంది కానీ నేను అవతలి పక్షం. నాకు 'ఎక్స్‌ఓ' నచ్చదని కాదు, మంచి పాటలున్నాయి. అయితే స్మిత్ దగ్గరకు నేను ఎందుకు వెళ్తానో ఆ కారణమే అందులో పల్చబడింది.

'ఐదర్/ఆర్'లోని 'బిట్వీన్ ద బార్స్' వినండి. తీగ మీద వేలు జరిగే చప్పుడు కూడా వినబడుతుంది. గొంతు పెంచడు, చెవి పక్కన కూర్చుని చెప్తాడు. తాగుడే మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది ఆ పాట, ఆ గుసగుస వల్లే భయం పుడుతుంది. అదే విషయం 'ఎక్స్‌ఓ'లో 'బేబీ బ్రిటన్' పాటకొచ్చేసరికి పియానో గంతులేస్తుంది, డ్రమ్స్ దరువేస్తాయి, మనం తల ఊపుతుంటాం. మాటలు ఎప్పుడు వెళ్లిపోయాయో తెలియదు. ఇది ఎదుగుదల ఎలా అవుతుంది?

ఇంకోటి. కొన్ని పాటలకు డ్రమ్స్ వాయించింది జోయీ వారాంకర్. ఆయన డ్రీమ్‌వర్క్స్ రికార్డ్స్ నడిపిన లెనీ వారాంకర్ కొడుకు. లేబుల్ నీడ పాటల మీద పడలేదని ఎలా నమ్మమంటారు?

కొత్త శ్రోత:

నేను వెనక నుంచి ముందుకు విన్నాను. మొదట 'ఎక్స్‌ఓ', తర్వాతే పాతవి. నాకు పాతవే చిత్తు ప్రతుల్లా అనిపించాయి. ఎవరు ఏది ముందు వింటే అదే అసలైనదిగా అనిపిస్తుందేమో కదా?

నాలుగో తీగ:

కొత్త శ్రోత గారూ, ఆ మాటలో నిజం ఉంది. కానీ ఎవరి అలవాటు వారిది అని వదిలేస్తే ఇక చర్చే ఉండదు. పాటలో తేల్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి చూద్దాం.

టేప్ హిస్ గారూ, ముందు లేబుల్ సంగతి. 'ఎక్స్‌ఓ'ని స్మిత్‌తో కలిసి ప్రొడ్యూస్ చేసింది టామ్ రాత్‌రాక్, రాబ్ ష్నాఫ్. 'ఐదర్/ఆర్' వెనక ఉన్నదీ ఆ ఇద్దరే. డ్రీమ్‌వర్క్స్ వాళ్లు కొత్తగా ఎవరినో తెచ్చి నెత్తిన కూర్చోబెట్టలేదు. జోయీ వారాంకర్ అంతకుముందే గాయకుడు బెక్ దగ్గర వాయించి పేరు తెచ్చుకున్న డ్రమ్మర్, నాన్న చలవతో దొరికిన కుర్రాడేమీ కాదు. పైగా ఈ ఆల్బమ్‌లో చాలా వాద్యాలు స్మిత్ తన చేత్తో వాయించినవే. లేబుల్ ఒత్తిడితో అమ్మకాల కోసం చేసిన సరుకే అయితే, ఆస్కార్ హడావిడి అంత తాజాగా ఉండగా బిల్‌బోర్డ్ ఆల్బమ్ అమ్మకాల పట్టికలో టాప్ 100లోకి కూడా ఎందుకు రాలేకపోయింది?

ఇక ఒంటరి గిటార్ మనిషి అనే బొమ్మ. అది మొదటినుంచీ సగం బొమ్మే. సోలో ఆల్బమ్‌లు మొదలుపెట్టిన రోజుల్లోనే ఆయన 'హీట్‌మైజర్' అనే గోలగా వాయించే రాక్ బ్యాండ్‌లో ఉన్నాడు. 'ఐదర్/ఆర్'లోనే 'పిక్చర్స్ ఆఫ్ మీ'లో డ్రమ్స్ ఎలా తోసుకొస్తాయో, 'క్యూపిడ్స్ ట్రిక్' ఎంత అరుస్తుందో గుర్తు చేసుకోండి. ఆ ఆల్బమ్ అనగానే అందరూ 'ఏంజెలెస్', 'సే యెస్', 'బిట్వీన్ ద బార్స్' మాత్రమే తలుచుకుంటారు. సినిమాలో వినిపించినవి కూడా అవే కదా. మిగతా సగాన్ని పక్కన పెట్టేసి, ఇక్కడిదాకా నిశ్శబ్దం, ఇక్కడి నుంచి ఆర్భాటం అని గీత గీస్తే ఎలా?

'బేబీ బ్రిటన్' మీద మీ అభ్యంతరం మాత్రం బలమైనది, దాని దగ్గర కాస్త ఆగుతాను. తాగి తాగి మునిగిపోతున్న మనిషి గురించిన పాట అది. బార్లో ఆ మనిషి పక్కన కూర్చున్నవాళ్లకు పైకి ఏం కనబడుతుంది? నవ్వులు, హుషారు, ఇంకో రౌండ్. ఆ పియానో గంతులు అవే. 'బిట్వీన్ ద బార్స్' తాగుడు లోపలి నుంచి మాట్లాడిన పాట, ఇది పక్క కుర్చీలోంచి చూసిన పాట. రెంటికీ ఒకే గుసగుస పెడితే రెండోది అబద్ధమయ్యేది.

డ్రమ్ స్టూల్:

ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాడిగా ఒక విషయం. స్మిత్ గొంతులో మనం దగ్గరితనం అంటున్నదాంట్లో చాలా భాగం డబుల్ ట్రాకింగ్. అంటే ఒకే లైన్‌ని రెండుసార్లు పాడి పక్కపక్కన పెట్టడం. మెల్లగా పాడిన గొంతు రెండై కొద్దికొద్దిగా తేడాతో వినిపించేసరికి అలా గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. నాలుగే ట్రాకులు ఉన్నప్పుడు గొంతుకు రెండు, గిటార్‌కు రెండు ఇస్తే అక్కడితో అయిపోయింది. తర్వాత ఏది చేర్చాలన్నా ఉన్నవి కలిపి ఒకటిగా చేయాలి, చేసినప్పుడల్లా క్వాలిటీ పడిపోతుంది. లాస్ ఏంజెలెస్ స్టూడియోలకు వెళ్లాక ఆ లెక్క చూసుకోవాల్సిన పని లేదు.

అయినా ఆయన ఏం చేశాడో చూడండి. అదే పద్ధతిని ఇంకా లోపలికి తీసుకెళ్లాడు. చివరి పాట 'ఐ డిడ్‌న్ట్ అండర్‌స్టాండ్'లో ఒక్క వాద్యం కూడా లేదు. అన్నీ ఆయన గొంతులే, ఒకదాని మీద ఒకటి. చేతిలో అన్ని ట్రాకులు ఉన్న మనిషి గిటార్ కూడా పక్కన పెట్టి ఆల్బమ్ ముగించాడు. దీన్ని ఆర్భాటం అనడానికి నాకు నోరు రావట్లేదు.

అయితే ఆల్బమ్ నడుమ ఒక మూడు నాలుగు పాటలు ఒకే ఊపులో పోతాయి, అక్కడ నాకూ ధ్యాస తప్పుతుంది. 'అమిటీ' నాకు ఇప్పటికీ అతకని ముక్కే.

టేప్ హిస్:

చివరి పాట విషయంలో నేనేం అనను, అది నాకు ప్రాణం. 'టుమారో టుమారో' కూడా. కానీ గమనించారా, మీరిద్దరూ నన్ను ఒప్పించడానికి తెస్తున్నవి వాద్యాలు తక్కువున్న పాటలూ చోట్లే. నా వాదన కూడా అదే కదా! తీగవాద్యాలు నిండిన 'ఓ వెల్, ఓకే' గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఆ పాటకి ఆ తీగలు లేకపోతే ఏం తగ్గేది?

రెండేళ్లకు ఇది ఎక్కడికి చేరిందో కూడా చూడండి. 2000లో 'ఫిగర్ 8' ఆల్బమ్. కొంత భాగం లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డ్ చేశారు. అందులో వాద్యాల కూర్పే పాటను మింగేసింది. ఆ దారికి తలుపు తీసింది 'ఎక్స్‌ఓ'యే.

నాలుగో తీగ:

సరే, వాద్యాలు నిండిన పాటతోనే జవాబిస్తాను. 'వాల్ట్జ్ నంబర్ 2'. మొదట వినబడేది డ్రమ్స్. మూడు దెబ్బల నడక, వాల్ట్జ్ కాబట్టి. జంటలు పట్టుకుని నాట్యం చేసే తాళం అది. దాని మీద ఆయన పాడేది ఒక కుటుంబంలో ఎప్పటికీ కలవని మనుషుల గురించి, దగ్గరకు రానివ్వని మనిషిని అయినా ప్రేమిస్తూనే ఉంటాననడం గురించి. ఆ తాళం అలా తిరుగుతూనే ఉంటుంది, పియానో ఎక్కుతూ పోతుంది, గొంతు మాత్రం అరవదు. ఒక్క గిటార్‌తో పాడినా ఇది మంచి పాటే అయ్యేది, కాదనను. కానీ చుట్టూ సందడి నడుస్తుంటే మధ్యలో ఒక్కడు నిలబడిపోయినట్టు అనిపించేది కాదు. అలా అనిపించాలంటే చుట్టూ సందడి ఉండాలి. ఆయన వాద్యాలు తెచ్చింది అందుకే.

'ఓ వెల్, ఓకే'లో తీగలు లేకపోయినా పాట నిలబడుతుంది, అక్కడ మీతో వాదించను.

'ఫిగర్ 8' సంగతి వేరే. అందులో కొన్ని చోట్ల సౌండ్ ముందు నడిచి పాట వెనకాల వస్తుందనే నేనూ అంటాను. కానీ తర్వాతి ఆల్బమ్ తప్పును ముందు ఆల్బమ్ ఖాతాలో రాయొద్దు. 'ఫిగర్ 8' మీద విడిగా చర్చ పెట్టండి, మీ పక్కనే నిలబడతాను. 'ఎక్స్‌ఓ' దగ్గర మాత్రం నేను కదలను.