హెర్రింగ్ రేవుల్లో చేపలు కోసిన ఆడవాళ్లు: అది స్వేచ్ఛా, వెట్టిచాకిరీయా?

పాతఫొటోలు:
రెండు వారాలుగా స్కాట్లండ్ తూర్పు తీరపు పాత ఫొటోలు చూస్తున్నాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే దృశ్యం. రేవుగట్టు మీద పొడవాటి చెక్కతొట్టి, దాని నిండా హెర్రింగ్ చేపలు, తొట్టి వెంట వరుసగా నిలబడిన అమ్మాయిలు. ఒంటి మీద నూనెగుడ్డ ముందుకట్లు, చేతివేళ్లకు గుడ్డపీలికల కట్లు. కొన్నిట్లో నలుగురైదుగురు చేతులు కలుపుకుని వీధంతా తమదే అన్నట్టు నడుస్తుంటారు. మరికొన్నిట్లో నడుస్తూనే ఊలు అల్లుతుంటారు.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. హెర్రింగ్ దొరికే చోటు నెలలను బట్టి మారేది. వేసవి మొదట్లో షెట్లండ్ దీవుల్లోని లెర్విక్, తర్వాత ఫ్రేజర్‌బర, పీటర్‌హెడ్, చలి మొదలయ్యేసరికి ఇంగ్లండ్‌లోని యార్మత్, లోస్టాఫ్ట్. పడవలు సముద్రం మీద కదిలితే, ఈ ఆడవాళ్లు బట్టల పెట్టె రైల్లో వేసుకుని రేవు నుంచి రేవుకు వెళ్లేవారు. కోసి, ఉప్పు వేసి, పీపాల్లో పేర్చిన చేప జర్మనీకి, రష్యాకు పోయేది. 1907లో స్కాట్లండ్ నుంచి ఎగుమతైనవి 25 లక్షల పీపాలు.

నా వాదన ఇది. ఆ రోజుల్లో తీరపల్లె పిల్ల జీతం కోసం ఇల్లు వదలాలంటే ఎక్కువగా కనిపించే దారి ఎవరింట్లోనో పనిమనిషిగా చేరడం. ఇక్కడైతే సొంత సంపాదన, సొంత స్నేహితులు, ఏడాదికి మూడు నాలుగు ఊళ్లు. దీన్ని దోపిడీ అనేవాళ్లు ఆ ముఖాల్లోని ధీమాను చూడటం లేదు. మీరేమంటారు?

కట్టుగుడ్డ:
ముఖాలు తర్వాత చూద్దాం, ముందు వేళ్లు చూడండి. ఆ పీలికలు అలంకారం కాదు. పిండిసంచుల గుడ్డ చించి, తెల్లవారకముందే ఒక్కో వేలికి చుట్టి దారంతో కట్టుకునేవారు. కత్తి చిన్నదే, కానీ పదును ఎక్కువ. చేప జారుడు. కత్తి కట్టును దాటి తెగితే ఆ గాటులోకి ఉప్పు. చేప చేతిలో నిలవాలంటే పట్టుకు ఉప్పు కావాలి, పీపాలో ఉప్పే, తొట్టిలోనూ ఉప్పే.

నేను ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో గాయాలకు కట్లు కట్టాను. రోజూ ఉప్పునీళ్లలో నానే గాయం మూసుకోదు. అంచులు తెల్లగా ఉబ్బుతాయి, లోపల గుంట పడుతుంది. మర్నాడు మళ్లీ అదే చేత్తో అదే పని. యార్మత్‌లో స్కాట్లండ్ చర్చివాళ్లు ఈ చేతుల కోసమే ప్రత్యేకంగా కట్లు కట్టే చోట్లు తెరిచారంటే ఎన్ని చేతులు అక్కడికి వచ్చి ఉంటాయో ఆలోచించండి.

ఫొటో గురించి ఒక్క మాట. చేతులు వేగంగా ఆడే అమ్మాయి నిమిషానికి 60 చేపల దాకా కోసేది. అంటే సెకనుకు ఒకటి. అప్పుడు తల ఎత్తి కెమెరా వైపు నవ్వితే వేలు తెగుతుంది. ఆ నవ్వులన్నీ తొట్టి ఖాళీగా ఉన్నప్పటివి.

పాతఫొటోలు:
తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు నవ్వితే అది నవ్వు కాదా అండీ?

లెక్కలపుస్తకం:
ఇద్దరూ అసలు చోటు వదిలేసి మాట్లాడుతున్నారు. స్వేచ్ఛ ఉందో లేదో ముఖంలోనూ వేళ్లలోనూ తేలదు, ఒప్పందంలో తేలుతుంది.

ఉప్పుచేపల వ్యాపారి చలికాలంలోనే పల్లెలకు వచ్చి బయానా ఇచ్చేవాడు. దాన్ని ఆర్ల్స్ అనేవారు. అది చేతిలో పడిందంటే రాబోయే సీజనంతా ఆయన దగ్గరే. ముగ్గురు ఒక జట్టు: ఇద్దరు కోసేవారు, ఒకరు పీపాలో పేర్చేవారు. పూట గడవడానికి వారం వారం కొద్దిపాటి డబ్బు. అసలు కూలి పీపాకు ఇంత అని లెక్కగట్టి ముగ్గురికీ పంచేవారు, అదీ సీజను ముగిశాక. చేప పడకపోతే పీపా లేదు, పీపా లేకపోతే లెక్క లేదు. చేప విపరీతంగా పడితే రాత్రి పొద్దుపోయేదాకా దీపాల వెలుతురులో కోయాల్సిందే. చేప పాడైపోతుందన్న కారణం చూపి, మిగతా కార్ఖానాల ఆడవాళ్లకు వర్తించిన పనిగంటల నియమాల నుంచి ఈ పనికి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి సముద్రానికి వచ్చే నష్టం కూలీ మీద, ఆలస్యం వల్ల వచ్చే నష్టమూ కూలీ మీదే.

మగవాళ్ల పరిస్థితి కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు. పడవకూ వలలకూ అప్పిచ్చేది ఆ వ్యాపారే, చేప ధర సీజనుకు ముందే ఖాయం చేసేదీ ఆయనే. 1880ల మధ్యలో మార్కెట్ కూలాకే ఆ పద్ధతి పోయి రేవులో వేలంపాట వచ్చింది. అదే ఊరిలో, అదే గట్టు మీద, ఆడవాళ్ల బయానా మాత్రం ఆ తర్వాతా కొనసాగింది.

నూలుకండె:
లెక్కలపుస్తకం గారూ, మీ లెక్కలో పనితనం పద్దు లేదు. అదే నా బాధ.

ఆ కత్తిని కొన్నిచోట్ల కటాగ్ అనేవారు. పొట్టి అలుగు. చేప గొంతు దగ్గర గుచ్చి ఒక్క మెలిక తిప్పితే మొప్పలు, పేగులు కలిసి ఊడివస్తాయి. అదే విసురులో చేప ఏ సైజుదో, కడుపులో గుడ్లున్నాయో లేదో చూసి, వెనకున్న తొట్లలో సరైన దాంట్లోకి పడేలా వేయాలి. వెనక్కి తిరిగి చూడటం లేదు. సెకనులో మూడు నిర్ణయాలు.

పేర్చే అమ్మాయి పని ఇంకోరకం కష్టం. పీపా అడుగు వరస వేయాలంటే నడుము దాకా లోపలికి వంగాలి. పొట్టలు పైకి, తలలు పీపా గోడ వైపు, పై వరస కింది వరసకు అడ్డంగా, వరసకూ వరసకూ మధ్య ఉప్పు. ఉప్పు తగ్గితే కుళ్లు, ఎక్కువైతే చేప గట్టిపడుతుంది. కొన్నాళ్లకు చేప కుంగాక మూత తీసి మళ్లీ నింపాలి. ప్రభుత్వ అధికారి తనిఖీ చేసి, బాగుంటే పీపా మీద కిరీటం గుర్తు వేయించేవాడు. దూరదేశపు కొనుగోలుదారు ఆ గుర్తును నమ్మే డబ్బు పెట్టేవాడు. గుర్తు రాజుది, పీపా వ్యాపారిది, పనితనం ఎవరిదో పీపా మీద ఎక్కడా ఉండదు.

పీపాకు తక్కువలో తక్కువ 700 చేపలు వేసుకోండి. పైన చెప్పిన 25 లక్షల పీపాలంటే 175 కోట్ల చేపలు, ఒక్క ఏడాదిలో. ఒక్కొక్కటీ ఒక చేతిలోంచి, ఒక కత్తి కిందనుంచి వెళ్లింది. దీన్ని వెట్టిచాకిరీ అని తేల్చేస్తే ఆ చేతుల్లోని విద్యను రెండోసారి చెరిపేసినట్టు అవుతుంది.

లెక్కలపుస్తకం:
విద్య ఉన్నవాళ్లను దోచుకోలేరని ఎవరన్నారు? విద్య ఉన్నవాళ్లనే దోచుకుంటారు.

గుల్లలబుట్ట:
ఆలస్యంగా వచ్చాను. పాతఫొటోలు గారు పనిమనిషి ఉద్యోగంతో పోల్చడం నాకు సరిపోలేదు. జాలరి ఇంటి పిల్ల విషయంలో పోల్చాల్సింది ఇంటి చాకిరీతో.

హెర్రింగ్ వలతో పట్టే చేప. మిగతా కాలంలో మగవాళ్లు గాలాల తాడుతో వేటకు వెళ్లేవారు. ఒక తాడుకు వెయ్యికి పైగా గాలాలు. ప్రతి గాలానికీ ఎర గుచ్చేది ఇంటి ఆడవాళ్లు, పిల్లలు. ఎర కోసం చలిలో నీళ్లలోకి దిగి ఆల్చిప్పలు ఏరాలి, ఒక్కోదాన్ని కత్తితో విప్పాలి, గాలానికి గుచ్చాలి, తాడు చిక్కుపడకుండా బుట్టలో చుట్టాలి. మర్నాడు తాడు తిరిగొస్తుంది, మళ్లీ మొదలు. రేవు సరిగా లేని కొన్ని ఊళ్లలో మగవాళ్ల కాళ్లు తడవకుండా ఆడవాళ్లే వాళ్లను వీపున మోసి పడవ ఎక్కించేవారు. వీటిలో దేనికీ కూలి లేదు. ఎందుకంటే అది ఇల్లు.

ఇక ఆ ఇల్లు నిలబడుతుందన్న పూచీ కూడా లేదు. 1881 అక్టోబరు 14న తుపానులో 189 మంది జాలర్లు పోయారు. అందులో 129 మంది ఐమత్ అనే ఒక్క చిన్న ఊరివాళ్లు. కొన్ని పడవలు రేవు ముఖద్వారం దాకా వచ్చి, గట్టు మీద నిలబడ్డ ఇంటివాళ్లు చూస్తుండగానే మునిగాయి. ఆ సాయంత్రం తర్వాత ఆ ఊరి ఆడపిల్లకు పీపా కూలి అంటే ఏమిటో, బయానా షరతులు చదివి చెప్పలేం.

అందుకే నా ఉద్దేశంలో ఇది స్వేచ్ఛా వెట్టా అన్నది కాదు. కూలి లేని చాకిరీ నుంచి కూలి ఉన్న చాకిరీకి దాటడం. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తే, జీవితంలో ఒక్కసారైనా ఎవరూ లెక్కపెట్టని పని చేసి చూడండి.

కట్టుగుడ్డ:
గుల్లలబుట్ట గారు రాసింది చదివాక నా మొదటి మాటను కొంచెం తగ్గించుకుంటున్నాను. గాయాల గురించి కాదు, అవి గాయాలే. కానీ వాళ్లకు ఇంటి దగ్గర గాయం లేదన్నట్టు రాశాను, అది తప్పు.

పాతఫొటోలు:
నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఒప్పందం సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. అయినా 1936లో యార్మత్‌లో పీపా కూలి పెంచమని ఈ ఆడవాళ్లే సమ్మె కట్టి రేవు ఆపేశారు. వెట్టివాళ్లు సమ్మె కడతారా?

లెక్కలపుస్తకం:
హాయిగా ఉన్నవాళ్లు కడతారా? పైగా అప్పటికి రష్యా విప్లవంతో పెద్ద మార్కెట్టే చేజారి, పని ఏటేటా తగ్గుతున్న కాలం. అలాంటప్పుడు కూడా కట్టారంటే పరిస్థితి ఎంత బిగిసిందో చూడండి.

నూలుకండె:
మీరిద్దరూ ఒకే సమ్మెను చెరోవైపు లాగుతున్నారు. నాకు ఆసక్తి కలిగించేది వాళ్లు ఎలా కట్టగలిగారన్నది. షెట్లండ్ నుంచి కొందరు, లూయిస్ దీవి నుంచి గేలిక్ మాట్లాడేవాళ్లు కొందరు, తూర్పు తీరం నుంచి కొందరు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యే జనం. కానీ ముగ్గురి జట్టు అంటే ఒకే గది, తరచుగా ఒకే మంచం, పీపా కూలి మూడు వాటాలు. ఒకరి వేలు తెగితే మిగతా ఇద్దరి కూలీ తగ్గుతుంది. వ్యాపారి తన లెక్క సులువుగా ఉండేందుకు పెట్టుకున్న ఏర్పాటే ఆయన మీదికి తిరిగింది.

యార్మత్‌లో గదులు అద్దెకిచ్చే ఇంటివాళ్లు, చేపవాసన పట్టకుండా వీళ్లు వచ్చేముందు తివాచీలు చుట్టేసి గోడలకు కాగితాలు అంటించేవారట. ఆ గదుల్లోనే కూర్చుని మాట్లాడుకుని ఉంటారు.

పాతఫొటోలు:
ఈ మాట చదివాక మళ్లీ ఒక ఫొటో తెరిచాను. ముగ్గురు అమ్మాయిలు బట్టల పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. చేతుల్లో అల్లిక. మధ్యలో ఉన్న అమ్మాయి కుడిచేతి చూపుడువేలికి ఇంకా కట్టు ఉంది, ఆ వేలిని నూలుకు తగలకుండా పైకెత్తి పట్టుకుని అల్లుతోంది. ఇన్నాళ్లూ అది ఏదో వయ్యారం అనుకున్నాను.