ఫైబర్ సబ్‌వూఫర్ బాక్సు: టేపు లెక్క నమ్మాలా, గింజలు పోసి కొలవాలా?

స్విఫ్ట్_శ్రీకాకుళం
మా స్విఫ్ట్ డిక్కీలో ఎడమ పక్క మూలకి సరిపోయేలా ఫైబర్ బాక్సు చేయించాను. 10 అంగుళాల సబ్. సీల్డ్ బాక్సు (గాలి బయటికి పోకుండా మూసేసినది) 20 లీటర్లు ఉండాలని సబ్‌తో వచ్చిన కాగితంలో ఉంది. చేసినాయన టేపు పెట్టి 24 లీటర్లు అన్నారు. ఇంట్లో బియ్యం పోసి చూస్తే 21 వచ్చింది. దేన్ని నమ్మాలి? మళ్లీ కోయించాలా?

ఫైబర్_పని_విజయనగరం
టేపు లెక్క చాలు తమ్ముడూ. వంపుని ముక్కలుగా అనుకుని ఒక్కోటీ కొలిచి కలుపుకోవాలి. ఏటవాలుగా ఉన్నచోట పై లోతు, కింది లోతు కూడి సగం చేసి, ఎత్తుతోటీ వెడల్పుతోటీ గుణిస్తే సరి. బియ్యం కుదురుకునే సరుకు. బాక్సుని కాస్త కదిపితే మట్టం దిగిపోతుంది, ఇంకో గ్లాసు పడుతుంది. అలాంటి కొలతని పట్టుకుని టెన్షన్ పడొద్దు.

మూడు_లాంతర్ల_బేస్
మాస్టారూ, చెక్క బాక్సుకైతే టేపే సరైనది, ఒప్పుకుంటాను. అదీ లోపలి కొలత తీస్తేనే. బయట 60 × 40 × 35 సెంటీమీటర్లు ఉంటే 84 లీటర్లు అనుకుంటారు. 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పొడి పలక)తో చేశారు కాబట్టి ప్రతి కొలతలో రెండు పక్కలా కలిపి 3.6 సెంటీమీటర్లు తీసేయాలి. మిగిలేది 64.5 లీటర్లే. దాదాపు 20 లీటర్లు చెక్కే తినేసింది!

ఫైబర్‌కి ఆ వీలు లేదు. గుడ్డ లాగి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పూసి, గాజు నూలు మ్యాట్ పొరలు వేసిన గోడ ఒకచోట 4 ఎంఎం ఉంటే ఇంకోచోట 8 ఉంటుంది. లోపల ఎక్కడ ఎంత మందం ఉందో టేపుకి తెలియదు. గింజలు పోస్తేనే తెలుస్తుంది.

కుదురుకుంటుందన్న మాట నిజమే, దానికి ఉపాయం ఉంది. గిన్నెలో కిలో నీళ్లు తూచి పోసి, ఆ మట్టం దగ్గర గీత పెట్టండి, అది లీటరు. నీళ్లు ఒంపేసి గిన్నె తుడిచి, అదే గీత వరకు బియ్యం పోసి తూకం వేయండి. 800 గ్రాములు వచ్చిందనుకుందాం. తర్వాత బాక్సులో పట్టిన బియ్యం మొత్తం తూచండి. 16.8 కిలోలు వస్తే 21 లీటర్లు. గిన్నెలో ఎలా పోశారో బాక్సులోనూ అలాగే పోయాలి. అక్కడ తట్టకపోతే ఇక్కడా తట్టకూడదు. బియ్యం కంటే చోళ్లు (రాగులు) ఇంకా మేలు, సన్నగా గుండ్రంగా ఉంటాయి కాబట్టి మూలల్లోకి జారతాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: ఆ గింజలు మళ్లీ వంటకి వాడకండి. గాజు నూగు అంటుకుంటుంది.

నాగావళి_ఒడ్డు
ఇంత తూకాలెందుకు, లోపల పాలిథిన్ కవరు పరిచి నీళ్లు పోస్తే పోలేదా? లేకపోతే థర్మకోల్ గుండ్లు?

మూడు_లాంతర్ల_బేస్
కవరు మూలల్లో ముడతలు పడి నీళ్లని ఆపేస్తుంది, తక్కువ చూపిస్తుంది. పైగా 21 లీటర్లంటే 21 కిలోలు, పల్చటి గోడ బయటికి ఉబ్బుతుంది. కవరు చిరిగి, సబ్ బిగించే ఎండీఎఫ్ రింగు తడిస్తే అది పొంగి పాడవుతుంది. థర్మకోల్ తేలిక, కానీ రెజిన్ పూర్తిగా ఆరకపోతే అందులోని స్టైరీన్ ఆ గుండ్లని కరిగించేస్తుంది.

ఫైబర్_పని_విజయనగరం
సరే, మీ 21 అనే అనుకుందాం. 21కీ 24కీ చెవికి తేడా తెలుస్తుందా? 21 అని తేలితే ఈ తమ్ముడు సబ్ మార్చుకోవాలా?

మూడు_లాంతర్ల_బేస్
సీల్డ్ బాక్సులో పెద్దగా తెలియదు, అక్కడ మీ మాటే నెగ్గుతుంది. సబ్ ఎఫ్ఎస్ (బాక్సు లేకుండా అది సొంతంగా మోగే చోటు) 30 హెర్ట్జ్, వ్యాస్ (దాని కోన్ సాగుడుకి సమానమైన గాలి) 30 లీటర్లు అనుకోండి. 20 లీటర్లలో అది 47.4 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, 24 లీటర్లలో 45 దగ్గర. అంతే. తమ్ముడి 21లో సబ్ అయస్కాంతం, ఫ్రేము ఒకటి రెండు లీటర్లు తీసుకుంటాయి, మిగిలేది కాగితంలో ఉన్నదానికి చాలా దగ్గర. కోయొద్దు.

నా పట్టుదల పోర్టెడ్ బాక్సు, అంటే గాలి గొట్టం (పోర్టు) పెట్టిన బాక్సు గురించి. బాక్సు 40 లీటర్లు అనుకుని, 34 హెర్ట్జ్ దగ్గర మోగేలా పోర్టు కోస్తారు. పోర్టు గొట్టం, సబ్, అడ్డపట్టీలు తీసేయడం మరిచిపోతే నిజంగా ఉండేది 34 లీటర్లు. ట్యూనింగ్, అంటే పోర్టులో గాలి మోగే చోటు, 37 హెర్ట్జ్‌కి పోతుంది. అంతకంటే తక్కువ హెర్ట్జ్‌లో గాలి కోన్‌ని పట్టి ఉంచదు. పండగ పాటకి వాల్యూమ్ పెంచినప్పుడు కోన్ అదుపు తప్పి కొట్టుకుంటుంది, కాయిల్ పోతుంది. కస్టమర్ సబ్‌ని తిడతాడు, తప్పు కొలతది. అందుకే పోర్టెడ్ ఫైబర్ బాక్సుని తూచకుండా ఎవరికీ ఇవ్వకూడదంటాను.

ఫైబర్_పని_విజయనగరం
పోర్టెడ్ అయితే గింజలతో కూడా పనిలేదు. ఆంప్‌కీ సబ్‌కీ మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ఫోన్లో టోన్ యాప్‌తో తక్కువ వాల్యూమ్‌లో 20 నుంచి 80 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా వెళ్లండి. వోల్టేజీ చూసే మీటరుని సబ్ రెండు వైర్ల మీద పెట్టండి. వోల్టేజీ రెండుచోట్ల పైకి లేస్తుంది, ఆ రెండిటి మధ్య ఎక్కడ బాగా పడిపోతుందో అదే ట్యూనింగ్.

మూడు_లాంతర్ల_బేస్
బాక్సు పూర్తయ్యాక ఇదే సరైన పరీక్ష, ఒప్పుకుంటున్నా. కానీ అప్పటికే పోర్టు అతికించేసి ఉంటారు. గింజలు ముందు పోస్తే గొట్టం పొడవు లెక్కేసి కోసుకోవచ్చు. మీరు గొట్టాన్ని కాస్త పొడుగ్గా వదిలి, అతికించకుండా ఈ పరీక్ష చేసి, తర్వాత తగ్గించుకుంటూ వస్తానంటే నాకు అభ్యంతరం లేదు.