బాల్డర్స్ గేట్ 3: నా కలగాపులగం పాత్రను ఏం చేయమంటారు?

గట్టు మీద రాత్రి (ఆకివీడు దగ్గర)

అందరికీ నమస్కారం. మాది రొయ్యల చెరువు, రాత్రి కాపలా నాది. పదకొండు గంటలకు చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళేలు) చూసుకుని షెడ్డులో లాప్‌టాప్ తెరుస్తాను. కరెంటు పోతే నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగి సైరన్ మోగుతుంది. ఉన్నపళంగా లేచి జనరేటర్ వేయాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ కొద్ది నిమిషాల ఆలస్యం కూడా పనికిరాదు. అందుకే వంతులవారీగా పోరాడే కంప్యూటర్ ఆట కావాలని బాల్డర్స్ గేట్ 3 కొన్నాను. నా వంతు నడుస్తుండగా గట్టంతా చుట్టి వచ్చినా రాక్షసులు కదలకుండా నా కోసం కాచుకుని ఉంటారు. ఇంత మర్యాద చెరువు బేరగాళ్ళలో కూడా చూడలేదు.

తప్పు నా పాత్రలో జరిగింది. బరువైన కవచం కోసం ఫైటర్ (కత్తి యోధుడు) అనే క్లాస్‌తో, అంటే పాత్ర వృత్తితో, మొదలుపెట్టాను. రెండు లెవెళ్ళయ్యాక మంత్రాలు కూడా ఉంటే బాగుండునని విజార్డ్‌లో రెండు తీసుకున్నాను. తాళాలు తీయడానికని రోగ్ ఒకటి. మొత్తం ఐదో లెవెల్. స్కోర్లు: స్ట్రెంగ్త్ (బలం) 14, డెక్స్టెరిటీ (చురుకుదనం) 15, ఇంటెలిజెన్స్ (తెలివి) 16, కాన్స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 12, కరిస్మా (మాట నేర్పు) 8. అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాడు ఎక్కడైనా నెగ్గుకొస్తాడనుకున్నాను.

పాడుబడ్డ ఊళ్ళో బావి దిగితే కింద గుహలో పెద్ద సాలీడు ఉంది కదా, అది నన్ను ఆరుసార్లు చంపింది. నా కత్తి వంతుకు ఒక్క వేటే వేస్తుంది. మంత్రం తగిలినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నా జట్టులోని షాడోహార్ట్ విసిరే నిప్పురవ్వ సాలీడుకు తప్ప గుహలో అన్నిటికీ తగులుతుంది. ముప్పై గంటలు ఆడాను, మళ్ళీ మొదటికి వెళ్ళాలా? నాకు కొట్లాటకంటే మాటలతో పని జరుపుకోవడం ఇష్టం. ఏ క్లాస్ తీసుకోమంటారు?

కాలవ శివారు

మొదటికి వెళ్ళనక్కరలేదు తమ్ముడూ. క్యాంపులో విథర్స్ అనే ఎముకల పెద్దాయన ఉంటాడు. 100 బంగారు నాణేలిస్తే క్లాసూ స్కోర్లూ చెరిపేసి మళ్ళీ రాసుకోనిస్తాడు. జాతి మాత్రం మారదు.

నువ్వు చేసిన పని మా శివారు చేలలో ఏటా చూస్తాం. వంతుకు వచ్చిన కాసిని నీళ్ళు మూడు చేలకు మళ్ళిస్తే ఏ చేనూ తడవదు. ఫైటర్‌లో ఐదో లెవెల్‌కు రెండో వేటు వస్తుంది. విజార్డ్‌లో ఐదో లెవెల్‌కు ఫైర్‌బాల్ అనే పెద్ద నిప్పు మంత్రం వస్తుంది. ఫీట్ అనే ప్రత్యేక నైపుణ్యం రావాలంటే ఒకే క్లాస్‌లో నాలుగు లెవెళ్ళు ఉండాలి. నీ మొత్తం ఐదే అయినా ఈ మూడింటిలో ఒక్కటీ నీకు రాలేదు. ఆటలో లెవెళ్ళు 12తో ఆగిపోతాయి, పారబోసుకోవడానికి మిగులేమీ ఉండదు. ఇంకొకటి, డెక్స్టెరిటీ 15కూ 14కూ తేడా లేదు, సరిసంఖ్య వస్తేనే బోనస్ పెరుగుతుంది. పైగా బరువైన కవచం వేసుకుంటే రక్షణలో డెక్స్టెరిటీని అసలు లెక్కలోకే తీసుకోరు.

నా మాట విని ఫైటర్ ఐదు పెట్టు. కత్తి పట్టుకో, కొట్టు. అంతే.

రాజోలు టీచరమ్మ

ఫైటర్ మంచిదే, కానీ ఈ అబ్బాయికి కాదు. ప్రశ్నలో చివరి మాటలు చదివారా? మాటలతో పని జరుపుకుంటానంటూ కరిస్మా 8 పెట్టుకున్నాడు. నోరు విప్పని మనిషిని తగువు తీర్చడానికి పంపినట్టుంది!

2023 ఆగస్టులో ఈ ఆట విడుదలైనప్పుడు మా అబ్బాయి కొన్నాడు. వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, పాత లాప్‌టాప్ నాకు మిగిలింది. మొదట విజార్డ్‌తో ఆడాను. పొయ్యి మీద పాలు చూసి వచ్చేసరికి ఏ మంత్రం సిద్ధం చేసుకున్నానో మరిచిపోయేదాన్ని. నీకు జనరేటర్ ఉంది, నాకు పాలు. మనలాంటివాళ్ళకు వార్లాక్ (ఏదో శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందేవాడు) సరిపోతుంది బాబూ.

ఎందుకంటే గుర్తుపెట్టుకోవలసినది తక్కువ. ఎల్డ్రిచ్ బ్లాస్ట్ అనే కిరణ మంత్రం ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, ఐదో లెవెల్‌లో ఒకేసారి రెండు కిరణాలు వెళతాయి. ఎగొనైజింగ్ బ్లాస్ట్ అనే అదనపు శక్తి తీసుకుంటే ఒక్కొక్క కిరణానికీ కరిస్మా బోనస్ కలుస్తుంది. అంటే నీకు ఇష్టమైన సంభాషణలకూ తప్పని కొట్లాటకూ ఒకే స్కోరు పనిచేస్తుంది. పెద్ద మంత్రాలు రెండే వేయగలవు, కానీ చిన్న విశ్రాంతితో అవి తిరిగి వస్తాయి. పెద్ద విశ్రాంతికి మామూలు స్థాయిలో 40 పాళ్ళ తిండి కావాలి, చిన్నదానికి ఏమీ అక్కరలేదు. ఫీండ్ అనే దెయ్యంతో ఒప్పందం చేసుకుంటే ఐదో లెవెల్‌లో ఫైర్‌బాల్ కూడా వస్తుంది.

కరిస్మా 17, డెక్స్టెరిటీ 16, కాన్స్టిట్యూషన్ 14 పెట్టు. నాలుగో లెవెల్‌లో యాక్టర్ అనే ఫీట్ తీసుకుంటే కరిస్మా 18 అవుతుంది, అబద్ధాలు కూడా నున్నగా చెప్పగలవు. తాళాలు జట్టులోని రోగ్ ఆస్టేరియన్‌కు వదిలెయ్యి, కవచం ఫైటర్ లేజెల్ వేసుకుంటుంది.

షాడోహార్ట్‌ను తిట్టకు. ఆ నిప్పురవ్వ ఆమెకు పుట్టుకతో వచ్చినది, ఇంటెలిజెన్స్‌తో నడుస్తుంది, ఆమెకు అది అంతంతమాత్రమే. ఆమె క్లెరిక్ (పూజారి), ఆ మంత్రాలు విజ్డమ్ అనే స్కోరుతో నడుస్తాయి కనుక గైడింగ్ బోల్ట్ అనే కాంతి మంత్రం వేయించు. ఇక ఆ సాలీడు గూటి వంతెనల మీద నిలబడుతుంది. అది వంతెన మీద ఉండగా గూటికి నిప్పు పెట్టు. మిగిలినది నీకే తెలుస్తుంది.

లంక పాటగాడు

టీచరుగారూ, కరిస్మా కావాలంటే బార్డ్ (పాటగాడు) ఉన్నాడు కదండీ. తాళాలు తీస్తాడు, పాట పాడి అందరికీ అదనంగా ఒక చిన్న విశ్రాంతి కూడా ఇస్తాడు. దెయ్యంతో ఒప్పందమెందుకు? వడ్డీ ఎంత పడుతుందో ఎవరికి తెలుసు!

గట్టు మీద రాత్రి

అక్కా, అన్నలూ, నిన్న రాత్రి పని అయింది. విథర్స్ దగ్గరికి వెళితే జేబులో 100 నాణేలు లేవు. కాగితాల మీది మంత్రాలను నా పుస్తకంలోకి ఎక్కించుకోవడానికి తగలేశాను మరి. దొరికిన కవచాలన్నీ అమ్మి డబ్బు కట్టాను. పాటగాడన్నా, మీ బార్డ్‌ను వచ్చేసారి ఆడతాను.

బావిలోకి దిగి చీకట్లో నక్కి కూర్చున్నాం. సాలీడు వంతెన మధ్యకు రాగానే జట్టులోని విజార్డ్ గేల్ నిప్పు పెట్టాడు. గూడు చుర్రుమని కాలి తెగింది, అది కాళ్ళు కొట్టుకుంటూ కింద పడింది. చావలేదు, కానీ బాగా దెబ్బతింది. నా వంతు వచ్చింది, ఎల్డ్రిచ్ బ్లాస్ట్ మీద వేలు పెట్టాను. సైరన్!

జనరేటర్ మొరాయించింది. బెల్టు సరిచేసి, ఏరేటర్లు నాలుగూ తిరిగాక, ఒకసారి నీళ్ళ మీద టార్చి వేసి చూసి వచ్చేసరికి అరగంట. చేతులకు డీజిల్ వాసన. తెర మీద సాలీడు అక్కడే ఉంది, వంతు నాదే. మొదటి కిరణం తప్పింది, రెండోది తగిలింది. పడిపోయింది.

గుడ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వాటి దగ్గరకు వెళ్ళేసరికి పగిలి పిల్లలు మీద పడ్డాయి, ఫైర్‌బాల్ అక్కడ ఖర్చయింది. ఇంకొక సందేహం కూడా ఉంది. మన జట్టులోని విల్ కూడా వార్లాకే కదా, ఇప్పుడు అతన్ని క్యాంపులోనే ఉంచాలా, ఇంకో 100 కట్టి వేరే క్లాస్‌లోకి మార్చాలా? చెక్ ట్రేల వేళయింది, చూసి వస్తాను.