టాప్ 5 శాతం పేషెంట్ల లిస్ట్ తీసిస్తే ఖర్చు నిజంగా తగ్గుద్దా?

క్లెయిమ్స్_కుర్రోడు:
అందరికీ నమస్తే. అమెరికాలో ఒక ప్రైమరీ కేర్ గ్రూప్‌కి డేటా పని చేస్తుంటా. ఇన్నాళ్లూ అంతా ఫీ ఫర్ సర్వీసే, ఎన్ని విజిట్లయితే అన్ని బిల్లులు, క్లెయిమ్ రిజెక్ట్ కాకుండా చూస్తే మన పని అయిపోయినట్టే. ఇప్పుడు మావాళ్లు మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినోళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) షేర్డ్ సేవింగ్స్ ప్రోగ్రామ్‌లో ఏసీఓగా, అంటే పేషెంట్ల మొత్తం ఖర్చుకి బాధ్యత తీసుకునే డాక్టర్ల గ్రూప్‌గా చేరారు, చేరగానే మీటింగుల్లో మాటలన్నీ మారిపోయాయి, పాపులేషన్ హెల్త్ అట, కేర్ గ్యాప్స్ అట, రిస్క్ స్ట్రాటిఫికేషన్ అట. నాకు అప్పజెప్పింది మాత్రం ఒకటే: పోయినేడాది క్లెయిమ్స్‌లో ఖర్చు ఎక్కువైన టాప్ 5 శాతం మందిని తీసివ్వు, నర్సులు వాళ్లకి ఫోన్లు చేస్తారు, ఖర్చు తగ్గుద్ది, మిగిలినదాంట్లో మనకి వాటా వస్తుంది అని. వినడానికి బానే ఉంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది. లిస్టులో పైనున్నోళ్లంతా మోకాలి ఆపరేషన్ అయిపోయినోళ్లు, కీమో నడుస్తున్నోళ్లు. వాళ్లకి ఫోన్ చేసి ఏం తగ్గిస్తాం? ఈ ఫీల్డులో ఉన్నోళ్లు కాస్త చెప్పండి.

ఎస్‌క్యూఎల్_తాత:
తేడా కొట్టడం కరెక్టే తమ్ముడూ. పోయినేడు బాగా ఖర్చయినోడికి ఈ ఏడు ఎలాగూ కొంత తగ్గుతుంది, నువ్వు ఫోన్ చేసినా చేయకపోయినా. రిగ్రెషన్ టు ద మీన్ అంటారు, చాలామంది వెండర్ల సక్సెస్ స్లైడ్లు దీని మీదే బతుకుతున్నాయి.

న్యూజెర్సీలో కామ్డెన్ ప్రోగ్రామ్ గురించి చదువు. పదేపదే హాస్పిటల్లో చేరేవాళ్లని పట్టుకుని, డిశ్చార్జ్ అయ్యాక నర్సులూ సోషల్ వర్కర్లూ ఇంటికే వెళ్లి చూసుకునేవాళ్లు, దేశమంతా దాన్ని ఆకాశానికెత్తింది. తీరా 800 మందిని లాటరీ తీసినట్టు రెండు గ్రూపులుగా విడదీసి రాండమైజ్డ్ ట్రయల్ చేసి 2020లో న్యూ ఇంగ్లండ్ మెడికల్ జర్నల్‌లో వేస్తే, 180 రోజుల్లో మళ్లీ అడ్మిట్ అయినవాళ్లు ప్రోగ్రామ్‌లో 62.3 శాతం, మామూలు కేర్‌లో 61.7! ముందూ వెనకా పోల్చి చూస్తే మాత్రం అడ్మిషన్లు బాగా తగ్గినట్టే ఉంది, ఎటొచ్చీ మామూలు కేర్ అందిన కంట్రోల్ గ్రూప్‌లో కూడా అలాగే తగ్గాయి. అందుకే కంట్రోల్ గ్రూప్ లేకుండా ఎవడైనా ఇంత మిగిల్చాం అంటే నేను నమ్మను.

ఇంకోటి, ఖర్చునే రోగానికి కొలతగా పెట్టకు. 2019లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన పేపర్ ఉంది, ఒక అల్గారిథమ్ ఖర్చుని ప్రిడిక్ట్ చేసి దాన్నే రిస్క్ అనేసింది. నల్లజాతి పేషెంట్ల మీద ముందునుంచీ ఖర్చు పెట్టిందే తక్కువ కాబట్టి అదే స్కోరు ఉన్న తెల్లవాళ్ల కన్నా వాళ్లకి జబ్బు ఎక్కువగా ఉండేది. ఆ తేడా సరిచేస్తే అదనపు సాయం అందాల్సినవాళ్లలో వాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పోతుందని తేలింది. డాక్టర్ దగ్గరికే వెళ్లలేనివాడు నీ టాప్ 5లో ఎందుకుంటాడు?

కేర్_కోఆర్డినేటర్:
తాత గారు చెప్పింది నిజమే కానీ ఫోన్లు వేస్ట్ అనుకోకండి, ఎప్పుడు చేస్తున్నామన్నదే ముఖ్యం. పోయినేడాది క్లెయిమ్స్‌తో మాకు పెద్దగా పని లేదు, నిన్న డిశ్చార్జ్ అయినోళ్లెవరో కావాలి. 2021 మే నుంచి హాస్పిటళ్లు అడ్మిట్, డిశ్చార్జ్ అలర్టులు పేషెంట్ డాక్టర్‌కి పంపాలని రూల్ ఉంది, మీ గ్రూప్‌కి ఆ అలర్టులు (ఏడీటీ ఫీడ్ అంటారు) వస్తున్నాయా ముందు కనుక్కోండి. ట్రాన్సిషనల్ కేర్, అంటే డిశ్చార్జ్ అయ్యాక ఇంటి దగ్గర చూసుకునే సర్వీసుకి, మెడికేర్‌కి బిల్లు చేయాలన్నా డిశ్చార్జ్ అయిన రెండు వర్కింగ్ డేస్‌లో మాట్లాడాలి, సీరియస్ కేసైతే 7 రోజుల్లో, మిగతావాళ్లని 14 రోజుల్లో డాక్టర్ చూడాలి.

హార్ట్ ఫెయిల్యూర్ వాళ్లకి ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి మాట, మీ మందు డబ్బాలన్నీ టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కటీ చదవండి అని. లాసిక్స్ అని ఒక డబ్బా ఉంటుంది, ఫ్యూరోసెమైడ్ అని హాస్పిటల్ వాళ్లిచ్చిన ఇంకో డబ్బా ఉంటుంది, రెండూ ఒంట్లో నీరు తగ్గించే ఒకటే మందని తెలీక రెండూ మింగుతుంటారు. తర్వాత, బరువు చూసుకునే మెషీన్ ఇంట్లో ఉందా అని, ఒక వారంలో 5 పౌండ్లు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, అప్పుడు మాకు ఫోన్ చేస్తే ఎమర్జెన్సీ దాకా పోదు. ఇది ఏ డాష్‌బోర్డులోనూ కనపడదండీ.

గల్లీ_డాక్టర్:
అన్నీ మంచిగనే ఉన్నయి గానీ పైసల సంగతి కూడా చెప్పాలె కదా. ఈ ఏడు మిగిల్చిన దాంట్ల వాటా వచ్చేది వచ్చే ఏడు చివర్ల, అప్పటిదాంక నర్సు జీతం క్లినిక్ జేబులకెళ్లే పోవాలె. నష్టం రిస్క్ లేని ట్రాక్‌ల అయితే వాటా 40 శాతం దాటదు, 75 శాతం కావాలంటే నష్టంల గూడ వాటా మోయాలె. మళ్ల పేషెంట్‌కేమో తను ఏసీఓల ఉన్నట్టే తెల్వదు, ఒరిజినల్ మెడికేర్, అంటే ప్రభుత్వమే నేరుగ నడిపేది కాబట్టి యాడికైనా పోతడు, ఆ ఖర్చు మాత్రం మా లెక్కల పడతది.

నాకు అసలు చిరాకు కోడింగ్. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లల్ల (మెడికేర్‌నే ప్రైవేట్ ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపేటివి) చూడున్రి, డయాగ్నోసిస్ ఎన్ని రాస్తే రిస్క్ స్కోర్ అంత పెరుగుతది, నెలనెలా వచ్చే పేమెంట్ గూడ పెరుగుతది. రోగం తగ్గించనీకి కన్నా రోగం రాయనీకే ఎక్కువమందిని పెట్టుకుంటున్నరు. దాన్ని కట్టడి చేయనీకే 2024 నుంచి మూడేండ్లల్ల రిస్క్ స్కోర్ లెక్కగట్టే కొత్త మోడల్ తెచ్చిన్రు, వీ28 అని.

క్లెయిమ్స్_కుర్రోడు:
థాంక్యూ అందరికీ, డాక్టర్ గారు చెప్పిన వాటాల సంగతి మావాళ్లు అసలు ఎత్తనే లేదు. సరే, సోమవారం మీటింగ్‌కి ఏం పట్టుకెళ్లమంటారు? లిస్ట్ లేకుండా వెళ్తే ఊరుకోరు.

ఎస్‌క్యూఎల్_తాత:
లిస్ట్ ఇవ్వు, కానీ వేరేది. గత 3 రోజుల్లో డిశ్చార్జ్ అయ్యి, హార్ట్ ఫెయిల్యూర్ గానీ సీఓపీడీ (ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) గానీ ఉండి, ఇంకా అపాయింట్‌మెంట్ పడనివాళ్లు. రోజూ పొద్దున్నే రిఫ్రెష్ అయ్యేలా పెట్టు. నర్సులు సరిపోక కొంతమందికే ఫోన్లు వెళ్తాయి ఎలాగూ, ఆ కొంతమందిని లాటరీలో తియ్యమను, అప్పుడు ఏడాది చివర్లో నీకు సిసలైన కంట్రోల్ గ్రూప్ ఉంటుంది.

కేర్_కోఆర్డినేటర్:
లాటరీ అంటే మా నర్సులు గొడవ చేస్తారు తాత గారూ, కళ్లెదురుగా సీరియస్‌గా ఉన్నోళ్లని వదిలెయ్యమంటే ఎవరూ ఒప్పుకోరు. వాళ్లని పక్కన పెట్టి మిగతావాళ్లకి తియ్యండి. ఇంకా, ఆ లిస్టులో ఫోన్ నంబర్ల కాలమ్ ఒకసారి చెక్ చేయించండి, సగం పాత ల్యాండ్‌లైన్లే ఉంటాయి, మందులు డబ్బాల్లో సర్దేది కూతురో కోడలో అయితే వాళ్ల నంబర్ కూడా ఒక కాలమ్‌లో పెట్టించండి.