వైజాగ్ రోడ్లకి లోవరింగ్ స్ప్రింగులా, కాయిల్‌ఓవర్లా?

మద్దిలపాలెం_పోలో
అందరికీ నమస్కారం. కారు పోలో 1.0 టీఎస్‌ఐ, టైర్లు 195/55 ఆర్16, 62,000 కి.మీ. తిరిగింది. షాకులు (స్ప్రింగు ఊగడాన్ని ఆపేవి) కంపెనీతో వచ్చినవే. రోజూ మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ మీదుగా గాజువాక, ఆదివారాలు భీమిలి బీచ్ రోడ్డు, అప్పుడప్పుడు నలుగురితో అరకు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ తగ్గాలి, మలుపుల్లో బండి ఒరగడం తగ్గాలి. ఒక షాపులో బండిని 35 మి.మీ. కిందికి దించే లోవరింగ్ స్ప్రింగులు, ఇప్పుడున్న షాకుల మీదే వేసేస్తామంటున్నారు. ఇంకో షాపులో కాయిల్‌ఓవర్లు (ఎత్తు మార్చుకోగలిగే షాకూ స్ప్రింగూ కలిసిన సెట్టు) తప్ప వేరేవి వేస్తే డబ్బు దండగ అంటున్నారు. ట్రాక్ మీదికి తీసుకెళ్ళే ఆలోచన లేదు. ఏది వేయించమంటారు?

సీతమ్మధార_స్ట్రట్
ట్రాక్ లేదన్నారు కాబట్టి స్ప్రింగులే వేయించండి. కారణం లెక్కతో చెప్తాను. ముందు చక్రం ఒక్కోదాని మీద స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు, స్ప్రింగు గట్టిదనం మి.మీ.కి 22 న్యూటన్లు అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, మీ బండివి కొంచెం అటూఇటూ ఉంటాయి. ఈ లెక్కన బండి సెకనుకి 1.36 సార్లు ఊగుతుంది. 30 శాతం గట్టి స్ప్రింగు వేస్తే అది 1.55 అవుతుంది. కాయిల్‌ఓవర్ కిట్లలో తరచూ కనిపించే 6 కిలోల స్ప్రింగు వేస్తే, అంటే మి.మీ.కి దాదాపు 59 న్యూటన్లు, 2.23కి పోతుంది. ఇంటి కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 2 దాటిందంటే రేసు బండి వైపు వెళ్ళినట్టే. గాజువాక దాకా రోజూ ఆ కుదుపు నడుము మీదే పడుతుంది.

కంపెనీ షాకు కొత్త స్ప్రింగుని ఆపలేదని భయపెడతారు. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే షాకు పట్టు తగ్గేది 12 శాతమే, ఎందుకంటే అది గట్టిదనం వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఆ మాత్రం తేడా బాగున్న షాకు తట్టుకుంటుంది.

ఘాట్‌రోడ్_కాయిల్
స్ట్రట్ అన్నా, లెక్క తప్పని అనను, కానీ "బాగున్న షాకు" అన్న మాట మీదే అంతా ఆధారపడింది. ఇక్కడ షాకు 62,000 కి.మీ. తిరిగింది. కొత్తదానికి 12 శాతం తగ్గడం వేరు, ఇప్పటికే అరిగిన దానికి ఇంకో 12 తగ్గడం వేరు.

దానికంటే పెద్ద విషయం ట్రావెల్, అంటే చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు. షాకు బంప్ స్టాప్‌కి (చివర్లో ఉండే రబ్బరు అడ్డుకి) తగిలేలోపు ముందు చక్రానికి 80 మి.మీ. చోటు ఉందనుకోండి. 35 దించితే మిగిలేది 45. ఉన్న షాకు బాడీ పొడవు మారదు కదా, దాని రాడ్డు ఎప్పుడూ లోపలికి దిగిపోయే ఉంటుంది. హనుమంతవాక దగ్గర చిన్న గుంతలో పడినా బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. బంప్ స్టాప్ తగిలిన క్షణంలో స్ప్రింగు గట్టిదనం ఒక్కసారిగా పెరిగిపోతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే ముందు టైరు పట్టు వదిలి బండి బయటికి జారుతుంది. ఒరగడం తగ్గిందని జనం సంబరపడేది చాలాసార్లు బంప్ స్టాప్ మీద నిలబడ్డ బండిని చూసే.

కాయిల్‌ఓవర్‌లో షాకు బాడీయే పొట్టిగా కడతారు. కింది బ్రాకెట్ తిప్పి ఎత్తు మార్చే రకమైతే ఎంత దించినా ట్రావెల్ అలాగే ఉంటుంది. పైగా 6 కిలోల స్ప్రింగే తీసుకోవాలని ఎక్కడుంది? కేడబ్ల్యూ వీ1 లాంటి రోడ్డు కిట్లలో స్ప్రింగు అంత గట్టిగా ఉండదు, ఎత్తు ఒక్కటే మారుతుంది. వీ2లో రీబౌండ్ (షాకు సాగేటప్పటి పట్టు), వీ3లో రీబౌండ్‌తో పాటు కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి పట్టు) కూడా సెట్ చేసుకోవచ్చు.

ఆటోనగర్_స్పానర్
ఇద్దరూ మూడో దారి వదిలేశారు. స్ప్రింగులతో పాటు పొట్టి రాడ్డు షాకులు కూడా వేయించడం. దించిన బండి కోసమే చేసే బిల్‌స్టీన్ బీ8 లాంటివి ఉన్నాయి. బీ6 కంపెనీ ఎత్తు కోసం, బీ8 దించిన ఎత్తు కోసం. ఆర్డరు పెట్టేటప్పుడు ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి.

పోలో తమ్ముడూ, ఏది వేసినా పని ఎలా చేస్తున్నారో పక్కన నిలబడి చూసుకో. కిట్టు ఎంత ఖరీదైనదైనా బిగింపులోనే పాడవుతుంది.

ఈ బండిలో ముందు స్ట్రట్‌ని (స్ప్రింగూ షాకూ కలిసిన కాలుని) నకిల్‌లో (హబ్‌ని పట్టుకునే ఇనుప దిమ్మలో) ఒకే బోల్టు నొక్కి పట్టుకుంటుంది. ఆ బోల్టు తీశాక నకిల్ చీలికలో స్ప్రెడర్ టూల్ పెట్టి తిప్పితే చీలిక కొద్దిగా విచ్చుకుని స్ట్రట్ జారుతుంది. అక్కడ ఉలి పెట్టి సుత్తితో కొట్టేవాడి చేతికి బండి ఇవ్వొద్దు. నకిల్ పగిలిందంటే స్ప్రింగుల ఖర్చుకి ఇంకో ఖర్చు తోడవుతుంది. స్ట్రట్ తీసేముందు లింకు రాడ్డు, బ్రేక్ హోస్ క్లిప్పు, ఏబీఎస్ వైరు విడదీయాలి. హబ్‌ని డ్రైవ్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకుండా కింద స్టాండు పెట్టాలి.

స్ప్రింగు కంప్రెసర్ రెండు వైపులా ఎదురెదురుగా పెట్టి, ఒక్కో వైపు సమానంగా తిప్పుతూ నొక్కాలి. ఒక పక్కే నొక్కితే స్ప్రింగు వంగి చిమ్ముతుంది, మనిషి ప్రాణానికే ముప్పు. పై నట్టుని ఎయిర్ గన్‌తో కొట్టొద్దు. రాడ్డు లోపల గిరగిరా తిరిగి షాకు సీలు పోతుంది. రాడ్డుని ఆలెన్ కీతో పట్టుకుని నట్టు మాత్రమే తిప్పాలి. కొత్త స్ప్రింగు కింది కొస, స్ట్రట్ ప్లేటులో ఉన్న మెట్టుకి ఆనుకుని కూర్చోవాలి. స్ప్రింగు మీది అక్షరాలు నిటారుగా కనబడుతున్నాయా అన్నది చివరి తనిఖీ.

టాప్ మౌంట్ (స్ట్రట్ పైకొసని బాడీకి పట్టే ముక్క), దాని బేరింగు, బంప్ స్టాప్, డస్ట్ బూట్ 62,000 కి.మీ. బండిలో తప్పకుండా కొత్తవి వేయాలి. పాత బేరింగు పట్టేస్తే స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు కూడా మెలి పడి, ఒక్కసారిగా వదిలి "టంగ్" మంటుంది. చాలామంది దాన్ని కొత్త స్ప్రింగు లోపమనుకుని షాపు మీదికి వెళ్తారు. బంప్ స్టాప్ కోయమని కిట్టు కాగితంలో రాసుంటేనే కోయాలి, రాసినంతే కోయాలి.

వెనక సులువే. టోర్షన్ బీమ్ (వెనక రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం), స్ప్రింగు వేరు, షాకు వేరు. షాకు కింది బోల్టు విప్పి బీమ్ దించితే స్ప్రింగు చేతికొస్తుంది. దించేటప్పుడు బ్రేక్ హోసు బిగుసుకోకుండా చూసుకుంటే చాలు.

ఇక అందరూ వదిలేసే పని ఒకటుంది. బండి కిందికి దిగి చక్రాల మీద నిలబడ్డాక, లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి) బుష్ బోల్టులూ వెనక బీమ్ బుష్ బోల్టులూ వదులు చేసి, బండిని నాలుగు సార్లు నొక్కి, మళ్ళీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఈ బుష్‌లలో రబ్బరు రెండు వైపులా ఇనుముకి అతుక్కుని ఉంటుంది. పాత ఎత్తులో బిగించి ఉన్నది అలాగే వదిలేస్తే కొత్త ఎత్తులో రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. "స్ప్రింగులు వేశాక బుష్‌లు పోయాయి" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

మద్దిలపాలెం_పోలో
అన్నా, చాలా థాంక్స్. రెండు డౌట్లు. కాయిల్‌ఓవర్లైతే ఊళ్ళో దించుకుని, అరకు వెళ్ళేటప్పుడు పైకి లేపుకోవచ్చా? మా కాలనీలో స్పీడ్ బ్రేకర్లు ఎత్తుగా ఉంటాయి, 35 దించితే కింద తగులుతుందా?

హంప్_లెక్కలు
రెండోదానికి నేను చెప్తాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 ప్రకారం కట్టిన హంప్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 100 మి.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు. మీ పోలో వీల్‌బేస్ సుమారు 2.47 మీటర్లు, అంటే నాలుగు చక్రాలూ ఒకేసారి హంప్ మీద ఉంటాయి. అప్పుడు బండి పొట్ట కిందికి పొడుచుకొచ్చే ఎత్తు 2.47 వర్గాన్ని 17కి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది, దాదాపు 45 మి.మీ. మీ గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 165. 35 దించితే 130, అందులో 45 పోతే ఇంకా 85 మిగులుతుంది. నెమ్మదిగా వెళ్తే తగలదు.

తగిలేది కాలనీవాళ్ళే తారు కుప్ప పోసి కట్టుకున్న బ్రేకర్లు. 60 సెం.మీ. వెడల్పు, 150 మి.మీ. ఎత్తు ఉన్నది చక్రాల మధ్యకి వస్తే ఆ 150 మొత్తం పొట్ట కిందే ఉంటుంది. 130 ఉన్న బండి దాన్ని నేరుగా దాటలేదు. మీ దారిలో ఉన్నవాటిని టేపు పెట్టి కొలవండి. సెల్లార్ ర్యాంపు పైఅంచు కూడా కొలవండి. ఎంవీపీ కాలనీ వైపు పాత అపార్ట్‌మెంట్లలో ర్యాంపు నేలని కలిసేచోట కోణం చాలా పదునుగా ఉంటుంది.

నలుగురి లెక్క కూడా వేసుకోండి. వెనక ఇద్దరూ, డిక్కీ సామానూ కలిపి 200 కిలోలైతే ఒక్కో వెనక చక్రం మీద 100. మి.మీ.కి 22 న్యూటన్ల స్ప్రింగు దానికి 45 మి.మీ. దిగుతుంది, 30 శాతం గట్టిది 34 దిగుతుంది. దించిన 35కి ఈ 34 కలిపితే 69. అరకు ఘాట్‌లో బండి అడుగు భాగం రాయికి తగిలే ప్రమాదం ఉంది.

ఘాట్‌రోడ్_కాయిల్
అందుకే అంటున్నా, కాయిల్‌ఓవర్ పెట్టి 20 మాత్రమే దించుకోండి. స్ప్రింగు కిట్టులో వాళ్ళు ఇచ్చినంతే దిగుతుంది, మీ ఇష్టం కాదు.

మొదటి డౌట్‌కి మాత్రం నిజం చెప్పాలి. ట్రిప్పుకో ఎత్తు కుదరదు. ముందు ఎత్తు మారితే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, మళ్ళీ అలైన్‌మెంట్, మళ్ళీ హెడ్‌లైట్ సెట్టింగు. ఒకసారి ఎత్తు ఖాయం చేసుకుని కాలర్లు (షాకు బాడీ మీద తిరిగే రింగు నట్లు) బిగించి వదిలేయాలి. ఎత్తు కొలిచేది నేల నుంచి కాదు, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా. టైరు గాలి తేడా అప్పుడు లెక్కలోకి రాదు. పై కాలర్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనేది అపోహ. ఒకే రేటున్న స్ప్రింగుకి ఎంత ప్రీలోడ్ (ముందే నొక్కి పెట్టడం) ఇచ్చినా దాని రేటు మారదు. కాలర్‌తోనే ఎత్తు మార్చే రకంలో బండి పైకి లేస్తుంది. కింది బ్రాకెట్ రకంలో కూడా ప్రీలోడ్ అతిగా ఇస్తే షాకుకి కిందికి సాగే చోటు తగ్గి, గుంతలోకి చక్రం జారినప్పుడు టక్కుమని కొట్టుకుంటుంది.

క్లిక్కుల మాట కూడా, అంటే షాకు పట్టు మార్చే నాబ్ మెట్లు. బీసీ రేసింగ్ బీఆర్‌లో 30 క్లిక్కులు, కంప్రెషన్ రీబౌండ్ రెండూ కలిసే మారతాయి. పూర్తిగా గట్టి వైపు మూసి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి, రెండేసి మూడేసి మార్చి చూడాలి. గట్టి చేస్తే ఒరగడం తగ్గుతుందని అనుకోవద్దు. ఒరిగే వేగం తగ్గుతుంది. పొడవాటి మలుపులో చివరికి ఒరిగేది అంతే ఒరుగుతుంది.

బీచ్‌రోడ్_ఉప్పుగాలి
ఏటి గురూ, వైజాగ్‌లో ఉండి తుప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు? ఇక్కడ కాయిల్‌ఓవర్లకి అసలు శత్రువు గుంత కాదు, ఉప్పు గాలి. ఇనుప బాడీ మీద అల్యూమినియం కాలరు, మధ్యలో ఉప్పు తడి. రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట తుప్పు వేగంగా పడుతుంది. ఆర్కే బీచ్, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ వైపు రోజూ బయట పార్కు చేసే బండిలో ఏడాది ముట్టుకోకపోతే కాలర్ పట్టేస్తుంది. సీ-స్పానర్‌తో బలంగా లాగితే కాలర్ పళ్ళే విరుగుతాయి. ఎత్తు మార్చుకోవచ్చని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది, ఎత్తు మారని వస్తువైపోతుంది.

కొనేవాళ్ళు బిగించిన రోజే కాలర్ తిరిగే మరల మీద యాంటీ-సీజ్ (పట్టేయకుండా పూసే పేస్టు) పూయండి. వానాకాలం ముందోసారి, తర్వాతోసారి సబ్బు నీళ్ళతో బ్రష్ చేసి ఆరబెట్టి, కాలర్లు వదులు చేసి మళ్ళీ బిగించండి. ప్రెషర్ వాషర్ మరల మీదా సీలు మీదా నేరుగా కొట్టొద్దు, ఇసుక లోపలికి పోతుంది. కేడబ్ల్యూ లాంటివాళ్ళు స్టెయిన్‌లెస్ బాడీ ఇచ్చేది ఈ బాధ తప్పించడానికే. పిల్లో బాల్ టాప్ మౌంట్ ఉన్న కిట్టు మాత్రం ఇక్కడ ఇంటి కారుకి వద్దు. రబ్బరు లేని ఆ కీలు తడికీ దుమ్ముకీ అరిగి, ప్రతి గతుక్కీ కేబిన్‌లో కొడుతుంది.

సీతమ్మధార_స్ట్రట్
ఉప్పుగాలి గారు చెప్పింది నా పక్షానికి బలం. ఇంకోటి కలుపుతాను. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ బండిని (ఈ పోలో ముందు భాగం ఆ రకమే) దించేకొద్దీ లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. బండి బరువు కేంద్రం 35 దిగితే, రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) అంతకంటే ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి బండిని ఒరిగించే బలం ఎక్కువవుతుంది. స్ప్రింగు గట్టిదనంలో కొంత భాగం ఆ నష్టం పూడ్చడానికే సరిపోతుంది. ఘాట్‌రోడ్ తమ్ముడూ, 20 దించమన్నావు కదా, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 20, 25 దించడానికి కాయిల్‌ఓవర్ అక్కర్లేదు. ఐబాక్ ప్రో-కిట్ లాంటి కిట్టు ఈ పోలో మోడల్‌కి ఎంత దించుతుందో కాగితంలో చూసి, 25 దగ్గర ఉన్నది తెప్పించుకుంటే చాలు. షాకుల విషయంలో నా మాట సవరించుకుంటున్నా. 62,000 అయ్యాయి కాబట్టి కొత్తవి వేయించాల్సిందే.

ఆర్సీ_కాగితాలు
చట్టం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద, అనుమతి లేని మార్పు ఒక్కోదానికీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకుండా వేయిస్తే, ప్రమాదం జరిగిన రోజు సర్వేయర్ దాన్నే పట్టుకుంటాడు.

మద్దిలపాలెం_పోలో
టేపుతో కొలిచాను. కాలనీలో రెండు బ్రేకర్లు 140 ఉన్నాయి, వెడల్పు మీటరు కూడా లేదు. 35 మి.మీ. మాట వదిలేశాను. 25 స్ప్రింగులు, పొట్టి షాకుల వైపు మొగ్గుతున్నా. 25 దించినా 140 దగ్గరే ఉంటా కదా?

ఆటోనగర్_స్పానర్
అవును, అది ఖాళీ బండి లెక్క. నలుగురు ఎక్కితే ఆ రెండు బ్రేకర్లూ తగులుతాయి, వాటిని ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించి దాటాలి. అది రోజూ కుదరదనుకుంటే ఎత్తు ముట్టుకోకుండా కంపెనీ స్ప్రింగులతో బీ6 షాకులు వేయించు. బండి ఒరిగే వేగం దానితోనే బాగా అదుపులోకొస్తుంది, ఫెండర్ ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. షాపువాడు గ్యాస్ కటింగ్‌తో ఒక రింగు కోసిస్తానంటే మాత్రం బండి తెచ్చేసుకో. కోసిన స్ప్రింగు చక్రం కిందికి వేలాడినప్పుడు సీటులోంచి ఊడొచ్చు.

ఘాట్‌రోడ్_కాయిల్
నేను ఇప్పటికీ కాయిల్‌ఓవర్ వైపే. 15 మాత్రమే దించగలిగే కిట్టయితే ఖాళీ బండికి 150 ఉంటుంది, ఆ బ్రేకర్లు తగలవు. కొనేముందు ఒక్కటి అడగండి: షాకు కారితే సీలు కిట్టు, కార్ట్రిడ్జి ఇక్కడికి తెప్పిస్తారా, ఎన్నాళ్ళు పడుతుంది అని. సరైన జవాబు రాకపోతే ఆ కిట్టు కొనొద్దు.

ఆటోనగర్_స్పానర్
ఏది వేసినా మొదటి 500 నుంచి 1,000 కి.మీ.లో స్ప్రింగు ఇంకొన్ని మి.మీ. కూర్చుంటుంది. బిగించిన రోజు టో ఒకసారి సరిచేయించి, అది కూర్చున్నాక మళ్ళీ అలైన్‌మెంట్ చేయించు. వెనక టోర్షన్ బీమ్‌కి సర్దుబాటు ఉండదు, కాబట్టి వెనక అంకెలు తేడాగా వస్తే బీమ్ బిగింపు చూడమను. హెడ్‌లైట్లు కూడా అదే రోజు గోడ మీద వేసి సరిచేయించు.