రేడియల్ ఆర్మ్ సాలో 45 డిగ్రీల కోత కలవడం లేదు, వాడినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. గాజువాకలో మా నాన్నగారికి చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. ఈమధ్య ఓ పాత రేడియల్ ఆర్మ్ సా (బల్ల మీదుగా ఉండే ఆర్మ్‌కి మోటారు, బ్లేడు వేలాడుతూ ముందుకీ వెనక్కీ జరిగే రంపం) చౌకగా దొరికితే తెచ్చాం. 10 అంగుళాల బ్లేడు, త్రీ ఫేజ్ మోటారు. వైజాగ్‌లో ఎవరిని అడిగినా టేబుల్ సా (బ్లేడు బల్ల కిందనుంచి పైకి వచ్చే రంపం) కొనుక్కోమంటారు తప్ప దీని సంగతి చెప్పేవాళ్లు లేరు.

అడ్డకోత బాగానే వస్తోంది, మూలమట్టం పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనబడదు. చిక్కంతా ఆర్మ్‌ని 45 డిగ్రీలకు తిప్పినప్పుడే. ఫోటో ఫ్రేముకి టేకు పట్టీలు కోస్తే లోపలి మూల కలుస్తుంది, బయటి మూలలో ఏటీఎం కార్డు దూరేంత ఖాళీ. పైగా కోసిన ముఖం మీద ఒకవైపే వంపు గీతలు, అంచున కాస్త మాడిన మరక. బ్లేడు వెనక భాగం పక్కకి తిరిగి రాసుకుంటోందా, లేక 45 దగ్గర ఆర్మ్‌ని ఆపే పిన్ను కూర్చునే గాడి అరిగిపోయిందా? ముందు ఏది చూడాలి? (సముద్రపు గాలికి ఆర్మ్‌ని మోసే కాలమ్ కూడా కొంచెం తుప్పు పట్టింది.)

ఇప్పుడున్నది టేబుల్ సా బ్లేడు, పళ్లు ముందుకు వాలి ఉన్నాయి. లాగుతుంటే మోటారు తనంతట తానే మీదికి దూసుకొస్తోంది. మైటర్ సాకి (కోణాల కోతలు కోసే రంపానికి) అమ్మే నెగటివ్ హుక్ బ్లేడుని, అంటే పళ్లు వెనక్కి వాలినదాన్ని, రంధ్రం కొలత, ఆర్‌పీఎం సరిపోతే దీనికి వేయొచ్చా?

నిలువుకోతకి చెక్కను బ్లేడు తిరిగే దిశకి ఎదురు తోయాలని తెలుసు. కానీ చెక్క వెనక్కి తన్నకుండా పట్టే పళ్లు మా మెషీన్‌కి లేవు. నాన్నగారేమో ‘ఏం కాదు, చీల్చేద్దాం’ అంటున్నారు, నాకు టెన్షన్. ఆటోనగర్‌లో చేయించి బిగిస్తే నమ్మొచ్చా?